కథలో ఐడల్ గాయని: ఏ రకం పిల్లని ఎవరు రాయాలి

కోనసీమలోనూ, అటు భీమవరం, పాలకొల్లు వైపూ కథలు రాస్తున్న కుర్రకారు చేతుల్లో ఇప్పుడు ఒకటే పాత్ర తిరుగుతోంది. పదహారు, పదిహేడేళ్ళ పిల్ల. బాగా పాడుతుంది. ఒక కంపెనీయో, టీవీ ఛానలో, మేనేజరో ఆమెని పట్టుకుని, పేరు మార్చి, జుట్టు మార్చి, ఎప్పుడు నవ్వాలో నేర్పి జనం ముందు నిలబెడతారు. ఇలా తయారైన గాయనినే ఐడల్ అంటున్నారు. కొరియా పాటలు వినీ వినీ, జపాన్ ఆనిమేలు చూసీ, 2025 జూన్‌లో నెట్‌ఫ్లిక్స్‌లో ‘కేపాప్ డెమన్ హంటర్స్’ వచ్చాక ఈ పిల్ల మీద మనసు పడనివాళ్ళు తక్కువ. తీరా రాయడానికి కూర్చున్నాక చిక్కు మొదలవుతుంది. ఈమె సియోల్లో ఉండాలా, హైదరాబాదులోనా, రావులపాలెంలోనా? కంపెనీలో శిక్షణ తీసుకుంటున్న ట్రైనీయా, టీవీ పోటీలో గెలిచిన పిల్లా, కంప్యూటరు పుట్టించిన గొంతా?

నా దగ్గరికి వచ్చే రాతప్రతుల్లో ఈ రకం కథలు చాలావరకు మూడో భాగం దాటడం లేదు. భాష చాలకపోవడం వల్ల కాదు, ఊహ చాలకపోవడం వల్లా కాదు. పిల్లని ఎంచుకున్నారు గానీ పిల్లని తయారుచేసినవాళ్ళని ఎంచుకోలేదు. ఐడల్ కథంటే ఇద్దరి కథ. పాడేది ఒకరు, పాడించేది ఇంకొకరు. ఆ రెండో మనిషి మీ కళ్ళకి కనబడుతున్నాడో లేదో చూసుకుని మొదటి మనిషిని ఎంచుకోండి. ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాట కోసమే.

ముందు తేల్చుకోవలసినవి

మొదటిది సంతకం. కాగితం మీద ఎవరు పెట్టారు? మన దేశంలో పద్దెనిమిది నిండనివాళ్ళు చేసిన ఒప్పందం చెల్లదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం మీద 1903లో, అప్పటి అత్యున్నత కోర్టయిన ప్రీవీ కౌన్సిల్ మొహరీ బీబీ కేసులో ఈ సంగతి ఖాయం చేసింది. కాబట్టి మీ పిల్లకి పదహారేళ్ళయితే సంతకం ఆమెది కాదు. నాన్నదో, మేనమామదో, పెంచిన పెద్దమ్మదో. బయానా ఎవరి చేతిలో పడింది, ఆ డబ్బుతో ఏ అప్పు తీరింది అన్నది రాస్తే కథలో సగం బరువు అక్కడే వచ్చేస్తుంది.

రెండోది గొంతు. ఇక్కడ తెలుగు రచయిత కాస్త ఆగి ఆలోచించాలి. పాశ్చాత్య కథల్లో ‘ఆమె నిజంగా పాడటం లేదు’ అని బయటపడటం పెద్ద దెబ్బ. 1952 నాటి హాలీవుడ్ సినిమా ‘సింగింగ్ ఇన్ ద రెయిన్’ చివర్లో తెర లాగి అసలు గొంతు ఎవరిదో చూపిస్తారు, హాలంతా ఘొల్లుమంటుంది. మిల్లీ వానిల్లీ అనే పాప్ జంట పేరుతో వచ్చిన పాటలు పాడింది వాళ్ళు కాదని తెలిశాక 1990లో గ్రామీ అవార్డు వెనక్కి తీసుకున్నారు. అదే మలుపు తెలుగు కథలో పెడితే చదివేవాడు ‘అయితే ఏంటి?’ అంటాడు. పెదవులు ఒకరివి, గొంతు ఇంకొకరిది కావడం మనకి 1940ల నుంచీ అలవాటు. సుశీల పేరు, జానకి పేరు తెరమీది నాయికల పేర్లతో సమానంగా మన ఇళ్ళల్లో పలుకుతాయి. జానకి పసిపిల్ల గొంతుతో పాడినా, ముసలమ్మ గొంతుతో పాడినా మనం మోసం అనుకోలేదు, విద్య అనుకున్నాం. అందుకని మన కథలో గొంతు ఇంకొకరిది కావడం రహస్యం కాదు, గొంతిచ్చిన మనిషికి పేరు లేకపోవడమే అన్యాయం. మలుపు అక్కడ పెట్టండి, పాఠకుడు కదులుతాడు.

మూడోది, జనం ఏం కొంటున్నారు? పాటనా, పిల్లనా, పిల్లతో దగ్గరితనాన్నా? 2005 డిసెంబరులో టోక్యోలోని అకిహబరాలో మొదలైన ఏకేబీ48 బృందం వ్యాపారం మూడో దాని మీదే నిలిచింది. రోజూ చిన్న థియేటర్లో ప్రదర్శన, సీడీతోపాటు చెయ్యి కలిపే టికెట్టు, 2009 నుంచి కొన్నేళ్ళపాటు ఎవరు ముందువరసలో నిలబడాలో అభిమానుల ఓటు. ఓటు కావాలంటే సీడీ కొనాల్సి వచ్చేది. అభిమాని మనస్తత్వం కోసం మాత్రం మీరు జపాన్ దాకా పోనక్కర్లేదు. హీరోల ఫ్లెక్సీలు, పాలాభిషేకాలు, బెనిఫిట్ షో టికెట్ల కోసం తెల్లవార్లూ జాగారం చూస్తూ భీమవరంలో పెరిగిన కుర్రాడికి అభిమానం ఎలా కడుతుందో, ఎలా కరుస్తుందో తెలుసు. ఆ తెలిసినదాన్నే ఒక ఆడపిల్ల గాయని వైపు తిప్పి చూడండి.

నాలుగోది, మీకు తెలిసిన గదులు. ఆ పిల్ల ఎక్కడ నిద్రపోతుంది, ఎక్కడ తింటుంది, ఎక్కడ ఏడుస్తుంది? ఈ మూడు చోట్లూ మీరు చూసినవైతే ధైర్యంగా మొదలుపెట్టండి.

| రకం | తయారుచేసేది ఎవరు | మీకు కలిసొచ్చేది | జాగ్రత్త | నిడివి |
|---|---|---|---|---|
| కంపెనీ ట్రైనీ | ఏజెన్సీ | పాఠకుడికి ముందే ఆసక్తి | చూడని ఊరు రాయాలి | నవల, సీరియల్ |
| టీవీ పోటీ పిల్ల | ఛానల్, ఇంట్లోవాళ్ళు | ప్రతి వివరమూ తెలిసిందే | ఏడుపు కథగా జారిపోవడం | పెద్ద కథ, నవల |
| రెండు జీవితాల పిల్ల | తనకు తానే | వేగం, సరదా | ఊళ్ళో రహస్యం దాగదు | పిల్లల సీరియల్ |
| గొంతు మాత్రమే | యంత్రం వెనక మనిషి | కొత్తదనం | పిల్ల మాయమైపోవడం | చిన్న కథ |
| పాతకాలపు పిల్ల | ఇంటి పెద్దావిడ | గోదావరి చరిత్ర | తేలిక మాటలు పడకూడదు | నవల |

కంపెనీ ట్రైనీ

అందరూ మొదట ఎగబడేది దీని మీదికే. కొరియాలో కంపెనీలు పిల్లల్ని పదేళ్ళు, పన్నెండేళ్ళ వయసులోనే చేర్చుకుని ఏళ్ళ తరబడి పాట, ఆట, భాష నేర్పుతాయి. ఆ ఖర్చంతా, తర్వాత వచ్చే సంపాదనలోంచి ముందు రాబట్టుకునే పద్ధతి చాలాచోట్ల ఉంది. 2009లో టీవీఎక్స్‌క్యూ బృందంలో ముగ్గురు తమ పదమూడేళ్ళ ఒప్పందం మీద కోర్టుకెక్కారు. అదే ఏడాది అక్కడి ఫెయిర్ ట్రేడ్ కమిషన్ ఏడేళ్ళకి మించకుండా ఒక నమూనా ఒప్పందం తెచ్చింది. జపాన్‌లో గొడవ ఇంకో రకం. ప్రేమలో పడకూడదన్న షరతు దాటిందని ఒక పదిహేడేళ్ళ ఐడల్‌ని 2015లో టోక్యో కోర్టు నష్టపరిహారం కట్టమంది. 2016 జనవరిలో అలాంటి మరో కేసులో కంపెనీ దావాని కొట్టేసింది. ఈ రెండు తీర్పుల మధ్య ఒక నవలకి చోటుంది.

మన పిల్ల అక్కడికి వెళ్ళడం నమ్మశక్యమేనా అని అడుగుతారు. ఒడిశాలోని రూర్కెలా నుంచి శ్రేయా లెంక 2022లో బ్లాక్‌స్వాన్ అనే కొరియా బృందంలో చేరింది. కాబట్టి అమలాపురం పిల్ల వెళ్ళిందంటే అబద్ధమనిపించదు.

కష్టం ఎక్కడంటే సియోల్ డార్మిటరీని మీరు డ్రామాల్లో చూసి రాస్తారు, చదివేవాళ్ళు కూడా ఆ డ్రామాలే చూసి ఉంటారు. కొత్త గాలి రాదు. దానికి బదులు మన దగ్గరున్న ఒక తెలివిడిని వాడుకోండి. గోదావరి జిల్లాల వాళ్ళకి ఏజెంటు అంటే ఎవరో చెప్పనక్కర్లేదు. కువైట్‌కీ, మస్కట్‌కీ ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. సబ్ ఏజెంటు ఇంటికొచ్చి మాట్లాడే తీరు, వీసా కోసం కట్టే డబ్బు, అక్కడికి వెళ్ళాక పాస్‌పోర్టు చేతిలో ఉండకపోవడం, తిరిగి రావాలంటే ఎవరిని బతిమాలాలో తెలియకపోవడం, ఇవన్నీ ఇంటింటి సంగతులు. తల్లి కువైట్‌లో, కూతురు సియోల్లో అనుకోండి. ఇద్దరూ సంపాదనకే వెళ్ళారు, ఇద్దరి వెనకా ఒక ఏజెంటు ఉన్నాడు, ఇద్దరూ ఇంటికి ఫోన్ చేసి బాగానే ఉన్నానంటారు. ఫోన్ ఎత్తేది సఖినేటిపల్లిలో ఉన్న అమ్మమ్మ. కథని ఆ అమ్మమ్మ దగ్గర నిలబెట్టండి. సియోల్ ఆమెకి ఎంత తెలుసో మీకూ అంతే తెలిస్తే చాలు.

ఐడల్ జీవితంలోంచి బయటికి రావడం రాయదలిస్తే 1997 నాటి జపాన్ యానిమేషన్ సినిమా ‘పర్ఫెక్ట్ బ్లూ’ చూడండి. పాటల బృందం వదిలి నటి కాబోయే అమ్మాయి పేరుతో ఎవరో ఇంటర్నెట్‌లో డైరీ రాస్తుంటారు. చిన్నపిల్లలు చూసే సినిమా మాత్రం కాదు.

టీవీ పోటీ పిల్ల

నా ఓటు దీనికే. మన భాషలో ఇంకా పూర్తిగా రాయని పాత్ర ఇదే.

1996లో ఈటీవీలో ‘పాడుతా తీయగా’ మొదలైనప్పటి నుంచీ తెలుగింట్లో పాడే పిల్లకి ఒక దారి కనబడింది. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పిల్లలకి తప్పులు దిద్దుతూ, పాట పుట్టుక చెబుతూ నడిపిన ఆ కార్యక్రమం బడిలాంటిది, దాన్ని తయారీ అనలేం. తర్వాతి కాలంలో దేశమంతటా వచ్చిన రియాలిటీ షోల సరళి వేరు. అక్కడ పాటకి ముందు పిల్ల కథ కావాలి. మీ కథలోని ఛానల్‌కి పేరు మీరే పెట్టుకోండి, పద్ధతిని మాత్రం దగ్గరగా చూపించండి.

ఉదాహరణకి ఇలా. కొత్తపేట దగ్గర ఒక ఇల్లు. కెమెరావాళ్ళు ఉదయమే వచ్చారు. ముందున్న డాబా గది వాళ్ళకి నచ్చలేదు. వెనక కొబ్బరాకుల వంటపాక నచ్చింది. పిల్లని అక్కడ కూచోబెట్టి పొయ్యి ఊదమన్నారు. ఇంట్లో గ్యాసు వచ్చి చాలా ఏళ్ళయింది, పిల్లకి పొయ్యి వెలిగించడం రాదు. నాయనమ్మ వెలిగించి పక్కకి తప్పుకుంది. పొగకి పిల్ల కళ్ళు నీళ్ళు కారితే దర్శకుడు ‘అలాగే ఉండమ్మా’ అన్నాడు. కువైట్‌లో ఉన్న తల్లి వీడియో కాల్లో ఇది చూస్తోంది. అక్కడ టైము మనకంటే రెండున్నర గంటలు వెనక, ఇంకా తెల్లారలేదు. ‘మన ఇల్లు చూపించరేంటండీ?’ అని అడిగింది. ఆ ఇల్లు ఆమె పంపిన డబ్బుతో కట్టింది.

ఇందులో దుర్మార్గుడు ఎవరూ లేరు. దర్శకుడు తన పని చేస్తున్నాడు, తండ్రి కూతురి మేలే కోరుతున్నాడు, నాయనమ్మ పొయ్యి వెలిగించింది. అయినా పిల్లకి ఒక అబద్ధం తొడిగారు, రేపటి నుంచి ఆమె దాన్ని మోయాలి. ఈ రకం పాత్ర బలం అదే. చెడ్డవాణ్ణి పెట్టకుండా తయారీని చూపించొచ్చు.

చట్టం కూడా కథకి పనికొస్తుంది. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించినప్పుడు పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు కళాకారులుగా పనిచేయడానికి షరతులతో వీలిచ్చారు. 2017 నిబంధనల ప్రకారం రోజుకి అయిదు గంటలకి మించకూడదు, విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటకూడదు, సంపాదనలో కనీసం ఇరవై శాతం పిల్ల పేరిట జాతీయం చేసిన బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వెయ్యాలి. ఆ డిపాజిట్ రసీదు ఇంట్లో బీరువాలో ఉందా, తాకట్టు కొట్టుకి పోయిందా? ఒక్క కాగితంతో తండ్రి ఎలాంటివాడో తేలిపోతుంది.

షో అయిపోయాక ఏమవుతుందన్నది చాలామంది వదిలేస్తారు. అసలు కథ అప్పుడే మొదలవుతుంది. సంక్రాంతి బరుల దగ్గర స్టేజీ ప్రోగ్రాములు, తీర్థాల్లో మైకుసెట్లు, పుట్టినరోజు ఫంక్షన్లు, షాపు ప్రారంభాలు. ఆర్కెస్ట్రా వాళ్ళు బయానా ఇచ్చి వెళతారు. ప్రతిచోటా షోలో పాడిన ఆ ఒక్క పాటే అడుగుతారు. పదిహేనేళ్ళు దాటాక పిల్ల గొంతు నిండుతుంది, పాత శ్రుతిలో పాడలేదు. జనానికి మాత్రం ఆ చిన్నపిల్లే కావాలి. జాగ్రత్త ఒక్కటే, కన్నీళ్ళు కారించకండి. ఛానల్ చేసిన పనే మీరూ చేసినట్టవుతుంది.

రెండు జీవితాల పిల్ల

పగలు బడి, రాత్రి తార. 1983 నాటి జపాన్ ఆనిమే ‘క్రీమీ మామీ’లో పదేళ్ళ పిల్ల మంత్రదండంతో పదహారేళ్ళ గాయనిగా మారుతుంది. ఆ పాత్రకి గొంతిచ్చిన తకాకో ఓతా అప్పుడే రంగంలోకి వచ్చిన కొత్త గాయని. అంటే కథలోని ఐడల్‌తోపాటే బయటి ఐడల్‌నీ నిలబెట్టారు. 2006లో మొదలైన అమెరికా సీరియల్ ‘హానా మాంటానా’లో మంత్రదండం బదులు విగ్గు. కేపాప్ డెమన్ హంటర్స్‌లో గాయని రూమీ దాచుకునేది ఒంటిమీది గుర్తుల్ని.

మన ఊళ్ళో ఇది కుదరాలంటే కొంచెం పని ఉంది. లంక గ్రామంలో పిల్ల చెప్పులు మార్చినా ఊరంతటికీ తెలుస్తుంది, విగ్గు పెట్టుకుని తప్పించుకోలేదు. మొహం కనబడని రీల్స్, దుప్పటి కప్పుకుని ఫోన్లో రికార్డు చేసిన పాటలు అయితే నమ్మొచ్చు. పది, పన్నెండేళ్ళ పాఠకుల కోసం రాసేవాళ్ళకి ఇంతకంటే మంచి రకం లేదు. పెద్దలకి రాసేవాళ్ళు దీని జోలికి పోకపోవడమే మేలు.

గొంతు మాత్రమే

ఈ ఆలోచన కొత్తదనుకుంటారు గానీ నూట ముప్పై ఏళ్ళ పాతది. 1894లో జార్జ్ డ్యు మోరియే రాసిన ‘ట్రిల్బీ’ నవలలో శ్రుతి జ్ఞానమే లేని అమ్మాయిని స్వెంగాలీ అనే సంగీతకారుడు వశీకరణంతో మహాగాయనిని చేస్తాడు. అతను చనిపోగానే ఆమె గొంతు పోతుంది. తర్వాత వచ్చిన ఐడల్ కథల్లో చాలావాటికి ఇదే మూలమనిపిస్తుంది. 1994 నాటి జపాన్ ఆనిమే ‘మాక్రాస్ ప్లస్’లో షారన్ యాపిల్ కంప్యూటరు గాయని, ఆమె పాటలోని భావమంతా తెరవెనక ఉన్న ఒక మనిషిది. 1996లో విలియం గిబ్సన్ రాసిన ‘ఇడోరు’ నవలలో ఒంట్లో రక్తమాంసాలు లేని గాయనిని ఒక రాక్ గాయకుడు పెళ్ళి చేసుకుంటానంటాడు. 2007 ఆగస్టులో జపాన్ కంపెనీ క్రిప్టన్ హత్సునే మికు అనే కల్పిత గాయని గొంతుని సాఫ్ట్‌వేర్‌గా అమ్మకానికి పెట్టింది. ఆ గొంతుకి ఆధారం సాకి ఫుజితా అనే నటి, ఆమె పేరు దాచలేదు.

తెలుగులో దీన్ని చిన్న కథగా రాయడానికి ఇది మంచి సమయం. రాజమండ్రిలో ఒక చిన్న స్టూడియో. ఒక పిల్ల కొంత డబ్బు తీసుకుని అచ్చులు, హల్లులు, స్వరాలు, వాక్యాలు పాడి ఇచ్చి వెళ్ళిపోయింది. కార్తీకమాసం తెల్లవారుజామున ఊరి గుడి మైకులో ఆ గొంతే వినబడింది, ఆమె ఎన్నడూ పాడని పాటతో. గోదావరి రేవులో దీపం వదులుతున్న తల్లి ‘ఇది ఎప్పుడు పాడావే?’ అని అడుగుతుంది. కథకి ఆ ప్రశ్న చాలు. ఇంతకు మించి పొడిగిస్తే పిల్ల తప్పుకుని యంత్రం ముందుకొస్తుంది, మీరు సైన్సు వివరిస్తూ ఉండిపోతారు.

పాతకాలపు పిల్ల

ఇది ఎవరూ అడగరు, నేనే చెబుతున్నాను. పిల్లని చిన్నప్పటి నుంచీ పాటకీ ఆటకీ తీర్చిదిద్ది, రసికుల ముందు నిలబెట్టే పద్ధతి గోదావరి జిల్లాల్లో కంపెనీలు పుట్టకముందే ఉంది. దేవదాసీ వృత్తిలో ఉన్న కలావంతుల ఇళ్ళల్లో ఏడెనిమిదేళ్ళకే పదం, జావళి, అభినయం మొదలు. తయారుచేసేది బయటి మగవాడు కాదు, అమ్మమ్మో పెద్దమ్మో. ఆ ఇళ్ళల్లో ఆడవాళ్ళకి ఆస్తి ఉండేది, చదువు ఉండేది. అదే సమయంలో ఆ పిల్లకి వేరే దారి ఎంచుకునే వీలు ఉండేది కాదు. 1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీ నిషేధ చట్టం తెచ్చాక వృత్తి పోయింది, పాట చాలావరకు మూగబోయింది, నింద మాత్రం మిగిలింది.

ఐడల్ కథకి కావలసిన ప్రశ్నలన్నీ ఇందులో ఉన్నాయి. విద్య ఆమెదా, ఇంటిదా? మేజువాణి కచేరీకి వచ్చినవాళ్ళు కోరింది పాటనా, ఆమెనా? కాకపోతే ఆ కుటుంబాల మనవరాళ్ళు ఇవాళ మన మధ్యనే ఉన్నారు. ఊళ్ళ పేర్లు, ఇంటి పేర్లు వాడకండి. చదవకుండా, పెద్దవాళ్ళతో మాట్లాడకుండా మొదలుపెట్టకండి. జాలీ వద్దు, మోజూ వద్దు. మొదటి నవలగా ఇది రాయొద్దని గట్టిగా చెబుతాను.

బృందం గురించి ఒక్క మాట. అయిదుగురు పిల్లల్ని పెట్టి ఒక్కొక్కరికి ఒక్కో స్వభావం పంచేయడం తేలిక, కంపెనీలు చేసేదీ అదే. మీరు రాసేటప్పుడు ఇద్దరు చాలు. ఒకరికి పేరొచ్చి ఒకరికి రాకపోతే మిగతా ముగ్గురి పనీ ఆ ఇద్దరే చేసిపెడతారు.

మరి మీకు ఏది?

మొదటి కథ రాస్తున్నవాళ్ళు, ముఖ్యంగా ఇంటర్, డిగ్రీ చదువుతున్నవాళ్ళు గొంతు కథని ఎంచుకోండి. ఆరేడు పేజీల్లో ముగించొచ్చు, తప్పు దొర్లినా మొత్తం తిరగరాసే ఓపిక మిగులుతుంది.

ప్రతిలిపిలాంటి కథల యాప్‌లో వారం వారం సీరియల్ రాసేవాళ్ళకి ట్రైనీ కథ కలిసొస్తుంది. ప్రతి భాగానికీ ఒక పరీక్ష, ఒక వడపోత ఉంటుంది, చదివేవాళ్ళు ఆగుతారు. ఎంత ఊపులో ఉన్నా నాలుగు భాగాలకోసారి సఖినేటిపల్లి అమ్మమ్మ దగ్గరికి రండి. నర్సాపురం రేవుకి పంటు మీద వెళ్ళి రైలెక్కిన పిల్ల ఏ దారిన తిరిగొస్తుందో అని ఆమె చూస్తూ ఉండాలి. ఆమె లేకపోతే మీ సీరియల్ పరాయి డ్రామాకి నకలైపోతుంది.

పాట నేర్పేవాళ్ళు, ఆర్కెస్ట్రాల్లో పనిచేసినవాళ్ళు, ఈవెంట్లు నడిపినవాళ్ళు ఇంకేం ఆలోచించకండి, టీవీ పోటీ పిల్లని రాయండి. బయానా మాట్లాడే తీరు, ట్రాక్ మధ్యలో ఆగిపోతే స్టేజీ మీద పిల్ల ఏం చేస్తుంది, ప్రోగ్రాం అయ్యాక అర్ధరాత్రి వ్యాన్లో ఏం తింటారు, ఇవి మీకు తప్ప ఇంకెవరికీ రావు. మీకు రాయడం కొత్తయితే ముందు ఎవరికైనా చెప్పి రికార్డు చేయించుకోండి, కాగితం మీదికి తర్వాత తేవొచ్చు.

ఆడపిల్ల తల్లిదండ్రులైన రచయితలకి ఒక ప్రత్యేకమైన సలహా. కథని తండ్రి వైపు నుంచి రాయండి. సంతకం పెట్టిన చెయ్యి వైపు నుంచి రాసిన ఐడల్ కథలు ఎక్కడా ఎక్కువ లేవు. ఆ తండ్రి చెడ్డవాడు కానక్కర్లేదు. ఆక్వా చెరువులో రొయ్య చచ్చి, కౌలు బాకీపడి, కూతురి గొంతు ఒక్కటే చేతికి దొరికిన మనిషి అయితే చాలు.

ఏ రకం ఎంచుకున్నా, పిల్లకి పద్దెనిమిది నిండే రోజు కథలో ఎక్కడ వస్తుందో ముందే గుర్తు పెట్టుకోండి. ఆ రోజున, డిపాజిట్ ఉంటే అది ఆమె చేతికొస్తుంది, ఆమె సంతకం మొదటిసారి చెల్లుతుంది, పాత కాగితాన్ని కొత్తగా ఆమె ముందు పెడతారు. చిన్న కథయితే ఆ రోజుతోనే మొదలుపెట్టండి. సీరియల్ అయితే సరిగ్గా సగంలో పెట్టండి. నవలయితే మొదటి మూడోవంతులోకి లాగి, సంతకం పెట్టిందో లేదో ఆ ప్రకరణంలోనే చెప్పేయండి. మిగతా నవలంతా దాని పర్యవసానం రాయడానికి మీకు చోటు కావాలి.